కంప్యూటరులో మన అక్షరం: స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌తో తొలి పరిచయం

అచ్చుయంత్రం మన దేశానికి వచ్చినప్పుడు భారతీయ భాషలన్నీ ఒక ప్రశ్నను ఎదుర్కొన్నాయి. ఈ యంత్రం మన అక్షరాలను ఉన్నవి ఉన్నట్లుగా స్వీకరిస్తుందా, లేక యంత్రానికి అనువుగా మన అక్షరాలే మారవలసి ఉంటుందా? టైపురైటరు వచ్చినప్పుడు అదే ప్రశ్న మరింత కఠినంగా ఎదురయింది. గుణింతాలు, ఒత్తులు గల లిపిని నలభై, యాభై మీటలలో ఇమిడ్చడం సులభమైన పని కాదు. నేడు అదే ప్రశ్న కంప్యూటరు రూపంలో మన ముందున్నది. అయితే ఈసారి ఒక ముఖ్యమైన భేదం ఉంది. యంత్రం లోపలి ఏర్పాటును మనమే తెరచి చూచి, మన భాషకు తగినట్లు సవరించుకొనే అవకాశం కలిగింది. ఆ అవకాశాన్ని ఇచ్చేవి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు, ఓపెన్ సోర్స్ అని పిలువబడే విధానాలు.

ఒక ల్యాప్‌టాప్‌పై ఇటువంటి ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదటిసారి ఎలా ప్రయత్నించాలో, దానివలన భారతీయ భాషల విద్యార్థికి ఏమి లభిస్తుందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఏమిటి?

ల్యాప్‌టాప్‌లో తెర, మీటల ఫలకం, జ్ఞాపకశక్తి, డిస్కు మొదలైన భాగాలు వేటికవి వేరుగా ఉంటాయి. మనం ఒక మీటను నొక్కినప్పుడు ఆ సంకేతాన్ని గ్రహించి, తగిన అక్షరాన్ని తెరపై చూపి, దానిని డిస్కులో భద్రపరచే వ్యవస్థ ఒకటి కావాలి. అదే ఆపరేటింగ్ సిస్టమ్. దాని నడిమి భాగాన్ని కెర్నెల్ అంటారు. ఆ ఆంగ్లపదానికి గింజలోని పప్పు అని అర్థం. పైపెంకు ఎట్లా ఉన్నా, మొలకెత్తే శక్తి పప్పులోనే ఉంటుంది.

మనుష్యులు చదువగల భాషలో వ్రాసిన ఆదేశాల సముదాయాన్ని మూలక్రమం, అనగా సోర్స్ కోడ్, అంటారు. దానిని యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చిన తర్వాత, లోపల ఏమున్నదో సామాన్యంగా తెలియదు. అనేక వ్యాపార సంస్థలు ఈ మారిన రూపాన్ని మాత్రమే విక్రయించి, మూలక్రమాన్ని తమవద్దనే ఉంచుకొంటాయి. స్వేచ్ఛా విధానంలో మూలక్రమం అందరికీ అందుబాటులో ఉంటుంది.

ముక్త్, ముఫ్త్

అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే ప్రణాళికను ప్రకటించి, 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌ను స్థాపించారు. వాడుకొనేవారికి నాలుగు స్వేచ్ఛలు ఉండాలన్నది ఆయన సిద్ధాంతం. ఏ ప్రయోజనానికైనా ఉపయోగించే స్వేచ్ఛ మొదటిది. లోపలి పనితీరును అధ్యయనం చేసి, మార్చుకొనే స్వేచ్ఛ రెండవది. ప్రతులను ఇతరులకు ఇచ్చే స్వేచ్ఛ మూడవది. తాము మార్చిన రూపాన్ని సైతం పంచుకొనే స్వేచ్ఛ నాలుగవది.

ఆంగ్లంలో స్వేచ్ఛకూ, వెల లేకపోవడానికీ ఒకే పదం వాడుకలో ఉండటంవలన ఈ భావం తరచుగా అపార్థానికి గురి అయింది. మన భాషలలో ఆ చిక్కు లేదు. హిందీలో ‘ముక్త్’ వేరు, ‘ముఫ్త్’ వేరు. తెలుగులో ‘స్వేచ్ఛ’ వేరు, ‘ఉచితం’ వేరు. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ వెల లేకుండా లభించడం సంతోషమే. కాని, దానిని పరిశీలించి సవరించుకొనే హక్కు అంతకంటె విలువైనది. ఉచితంగా వచ్చినది ఇచ్చినవారి ఇష్టంపై ఆధారపడి ఉంటుంది. హక్కుగా వచ్చినది ఎవరి దయపైనా ఆధారపడదు.

1991 ఆగస్టు 25న ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్, తాను సరదాకొరకు ఒక చిన్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేస్తున్నట్లు ప్రకటించాడు. అప్పటికి అతని వయస్సు 21 సంవత్సరాలు. అదే తర్వాత లినక్స్ కెర్నెల్‌గా ప్రసిద్ధి పొందింది. 1992లో దానికి గ్నూ ప్రణాళికవారి లైసెన్సు వర్తింపజేయటంతో రెండు పాయలూ కలిసి ఒక ప్రవాహమయ్యాయి. నేడు ఆండ్రాయిడ్ ఫోనులలో పనిచేసేది లినక్స్ కెర్నెలే. ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన 500 కంప్యూటర్ల జాబితాలో 2017 నవంబరు నాటికే 500కు 500 లినక్స్‌పై నడుస్తున్నాయి. కావున దీనిని కేవలం ఔత్సాహికుల వినోదంగా భావించడం సరికాదు.

కెర్నెల్‌తోపాటు తెరపై కనిపించే అమరికను, కావలసిన ఉపకరణాలను కూర్చి ఒక సంపుటిగా అందించడాన్ని పంపిణీ అంటారు. 1993లో ఆరంభమైన డెబియన్ వీటిలో ప్రసిద్ధమైనది. డెబియన్ ఆధారంగా 2004లో ఉబుంటు వెలువడింది. ఈ పేరు దక్షిణాఫ్రికాలోని జూలూ, ఖోసా భాషలకు చెందినది. ఇతరుల మానవత్వంతో మన మానవత్వం ముడిపడి ఉన్నదనే భావం అందులో ఉంది. మన దేశంలో సీడాక్ సంస్థ 2007లో బాస్ అనే భారతీయ పంపిణీని విడుదల చేసింది. అదికూడా డెబియన్ ఆధారంగా రూపొందినదే. కేరళలో 2001లో ఆరంభమైన ‘ఐటీ ఎట్ స్కూల్’ ప్రణాళిక ద్వారా ప్రభుత్వ పాఠశాలలు క్రమంగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరుకు మారాయి. 2015లో భారత ప్రభుత్వం తన కార్యాలయాలలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరుకు ప్రాధాన్యమిచ్చే విధానాన్ని ప్రకటించింది.

ప్రయత్నానికి ముందు

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. తరువాతి సంచికకు అర్హత లేని ల్యాప్‌టాప్‌లు విద్యాసంస్థలలోను, ఇండ్లలోను అనేకం ఉన్నాయి. యంత్రం చెడిపోకున్నా దానిని మూలకు నెట్టవలసిందేనా? అటువంటి ల్యాప్‌టాప్ ఒకటి ఉంటే, అదే ఈ ప్రయోగానికి తగిన సాధనం.

ఉదాహరణకు, 2024 ఏప్రిల్‌లో వెలువడిన ఉబుంటు 24.04 సంచికను తీసుకొందాం. సంచిక పేరులోనే సంవత్సరం, నెల ఇమిడి ఉన్నాయి. దీనికి 5 సంవత్సరాల సాధారణ మద్దతు ఉంది. 4 జీబీ జ్ఞాపకశక్తి, డిస్కులో 25 జీబీ ఖాళీ స్థలం కనీసం అవసరం. అంత శక్తిలేని పాత యంత్రాలకు జుబుంటు, లుబుంటు వంటి తేలికైన రూపాలు అనుకూలంగా ఉంటాయి.

అన్నిటికంటె ముందు చేయవలసిన పని ఒకటి ఉంది. ల్యాప్‌టాప్‌లోని పాఠాలు, ఫొటోలు, ధ్రువపత్రాలు మొదలైనవాటిని వేరొక డిస్కులోకి నకలు చేసికోవాలి. ఆ నకళ్లు తెరుచుకొంటున్నవో లేదో స్వయంగా చూచుకోవాలి. డిస్కుకు బిట్‌లాకర్ వంటి రక్షణ ఉన్నట్లయితే, దాని పునరుద్ధరణ సంకేతాన్ని కాగితంపై వ్రాసి ఉంచుకోవాలి. ఈ జాగ్రత్తలు పూర్తికాకుండా తరువాతి మెట్టుకు పోరాదు.

పెన్‌డ్రైవ్‌పై ప్రయోగం

ఉబుంటు అధికారిక నిలయం నుండి దిగుమతి చేసికొనే దస్త్రం పరిమాణం సుమారు 6 జీబీ ఉంటుంది. దానితోపాటు 64 అంకెలు, అక్షరాలు గల ఒక సరిచూపు సంఖ్యకూడా ప్రకటింపబడి ఉంటుంది. మనకు చేరిన దస్త్రం నుండి అదే సంఖ్యను లెక్కించి రెండింటిని పోల్చాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ దస్త్రాన్ని ఉపయోగించరాదు. దారిలో చెడిపోయినదాన్ని, ఎవరైనా మార్చినదాన్ని పసిగట్టేందుకే ఈ ఏర్పాటు.

తరువాత దస్త్రాన్ని పెన్‌డ్రైవ్‌పై ఎక్కించాలి. 16 జీబీ పెన్‌డ్రైవ్ అయితే స్థలానికి కొరత ఉండదు. మామూలుగా నకలు చేసినట్లు చేస్తే అది పనిచేయదు. రూఫస్ వంటి ప్రత్యేక ఉపకరణంతోనే ఎక్కించాలి. అప్పుడు పెన్‌డ్రైవ్‌లో అంతకు మున్ను ఉన్నదంతా తుడిచిపెట్టుకొని పోతుంది. ఈ విషయం మరువరాదు.

పెన్‌డ్రైవ్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలించి, యంత్రాన్ని ఆపి, తిరిగి ఆరంభించాలి. ఆరంభమయ్యే క్షణంలో ఎఫ్12, ఎఫ్9, ఎఫ్2 లేదా ఎస్కేప్ మీటను నొక్కితే, ఎక్కడనుండి ఆరంభించాలో అడిగే పట్టిక వస్తుంది. ఏ మీట అన్నది తయారీదారును బట్టి మారుతుంది. పట్టికలో పెన్‌డ్రైవ్‌ను ఎంచుకొంటే కొద్ది నిమిషాలలో కొత్త తెర కనిపిస్తుంది. అక్కడ ‘ఇన్‌స్టాల్’ను కాక ‘ప్రయత్నించి చూడు’ అనే మార్గాన్ని ఎంచుకోవాలి.

ఈ స్థితిలో ఆపరేటింగ్ సిస్టమ్ పెన్‌డ్రైవ్ నుండి, జ్ఞాపకశక్తి నుండి మాత్రమే నడుస్తుంది. మనం కోరనంతవరకు డిస్కులోని పాత వ్యవస్థ చెక్కుచెదరదు. వేగం కొంత తక్కువగా ఉంటుంది. యంత్రాన్ని ఆపగానే ఈ ప్రయోగంలో చేసిన మార్పులన్నీ పోతాయి. కావున భయపడక అన్నింటినీ పరీక్షించవచ్చు. వైఫై కలుస్తున్నదా? శబ్దం వినిపిస్తున్నదా? కెమెరా, బ్లూటూత్, వేలితో కదిపే పలక పనిచేస్తున్నవా? మూత మూసి తెరిచినప్పుడు యంత్రం తిరిగి మేల్కొంటున్నదా? ఒక్కొక్క ప్రశ్నకు సమాధానాన్ని నోటుపుస్తకంలో వ్రాసికోవడం మంచిది. ఏదైనా పనిచేయకపోతే, డిస్కు జోలికి పోకముందే ఆ సంగతి తెలిసిపోతుంది.

ఒక పదం, నాలుగు మీటలు

ఇప్పుడు ఈ ప్రయోగంలోని ముఖ్యభాగానికి వద్దాం. అమరికలలో ‘కీబోర్డు’ అనే విభాగాన్ని తెరచి తెలుగును, హిందీని చేర్చాలి. ఒక్కొక్క భాషకు ఒకటికంటె ఎక్కువ పద్ధతులు కనిపిస్తాయి. వాటిలో ఇన్‌స్క్రిప్టు పద్ధతిని ఎంచుకోవాలి. తెలుగు జాబితాలో వేరే విశేషణం లేకుండా ‘తెలుగు’ అని మాత్రమే ఉన్నది ఇదే. విండోస్ గుర్తు గల మీటను, స్పేస్‌బార్‌ను కలిపి నొక్కితే ఒక భాషనుండి మరొక భాషకు మారవచ్చు.

తెలుగును ఎంచుకొని, షిఫ్టుతో వై, తరువాత ఈ, జే, ఎల్ అనే ఆంగ్ల అక్షరాలున్న మీటలను వరుసగా నొక్కండి. తెరపై ‘భారత’ అని వస్తుంది. భాషను హిందీకి మార్చి అవే నాలుగు మీటలను నొక్కండి. అదే పదం దేవనాగరిలో వస్తుంది. కన్నడం, మలయాళం, గుజరాతీ, బెంగాలీలలో ప్రయత్నించినా ఫలితం అదే. తమిళ లిపిలో ‘భ’కు ప్రత్యేకాక్షరం లేదు కనుక అక్కడ మాత్రం కొంత భేదం ఉంటుంది.

ఇది యాదృచ్ఛికం కాదు. మన లిపులు రూపంలో వేరైనా, అక్షరాల వరుసలో ఒకే కుదురునుండి వచ్చినవి. ఈ సంగతిని గుర్తించి 1980ల దశకంలో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ అన్ని భారతీయ లిపులకు ఉమ్మడిగా ఈ మీటల అమరికను రూపొందించింది. ఎడమచేతివైపు అచ్చులు, గుణింతపు గుర్తులు. కుడిచేతివైపు ప్రధానంగా హల్లులు ఉంటాయి. ‘క’ ఉన్న మీటనే షిఫ్టుతో నొక్కితే ‘ఖ’ వస్తుంది. ‘గ’తో ‘ఘ’, ‘త’తో ‘థ’ అదే విధంగా వస్తాయి. 1991లో భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 13194 అనే ప్రమాణాన్ని వెలువరించి ఈ విధానాన్ని స్థిరపరచింది.

అదే సంవత్సరం ప్రపంచ లిపులన్నిటికి ఉద్దేశించిన యూనికోడ్ తొలి సంచిక వెలువడింది. అందులో భారతీయ లిపుల విభాగాలకు మన దేశపు సంకేత పద్ధతినే ఆధారంగా తీసుకొన్నారు. ఒక్కొక్క లిపికి 128 స్థానాలు కేటాయించారు. సున్నతో లెక్క ఆరంభిస్తే దేవనాగరి, బెంగాలీ, గురుముఖి, గుజరాతీ, ఒడియా, తమిళం, తెలుగు, కన్నడం, మలయాళం అన్నింటిలోను ‘క’ అక్షరం 21వ స్థానంలోనే ఉంటుంది. భాషల వైవిధ్యానికి లోటు రాకుండా వాటి మధ్యనున్న ఏకత్వాన్ని యంత్రానికి బోధించిన తీరు ఇది. హిందీ నుండి తెలుగులోకి అనువదించేవారికి దీనివలన కలిగే సౌలభ్యం ఇంతింత కాదు. వ్రేళ్లు నేర్చినది ఒక్క పాఠమే, వ్రాయగలిగినవి అనేక లిపులు.

తెరపై మాటలు ఎవరివి?

ఆపరేటింగ్ సిస్టమ్ భాషను తెలుగుకు మార్చితే పట్టికలు, హెచ్చరికలు తెలుగులో కనిపించడం మొదలవుతుంది. ‘ఫైల్’ బదులు ‘దస్త్రం’, ‘సెట్టింగ్స్’ బదులు ‘అమరికలు’ వంటి మాటలు ఎదురవుతాయి. కొన్నిచోట్ల ఆంగ్లవాక్యాలు అట్లే మిగిలి ఉంటాయి. ఆ పనిని ఇంకా ఎవరూ పూర్తిచేయలేదని దాని అర్థం. ఈ అనువాదాలలో అధికభాగం స్వచ్ఛందంగా పనిచేసేవారు చేసినవే.

అనువాదం జరిగే పద్ధతి సరళమైనది. ఒక పంక్తిలో ఆంగ్లవాక్యం ఉంటుంది. దాని క్రింది పంక్తిలో మన భాషలోని వాక్యాన్ని వ్రాయాలి. పని చిన్నదిగా తోచినా ఇందులో భాషాశాస్త్రమంతా దాగి ఉంది. ‘ఫలానా దస్త్రాన్ని తొలగించాలా?’ అనే ప్రశ్నలో దస్త్రం పేరు ఏమి వస్తుందో అనువాదకునికి ముందుగా తెలియదు. ఆంగ్లంలో క్రియ ముందు, పేరు తరువాత వస్తాయి. హిందీలోను, తెలుగులోను క్రియ వాక్యం చివరనే ఉంటుంది. అందువల్ల హిందీ అనువాదం మనకు మంచి మార్గదర్శి. కాని హిందీలో ‘కో’ అనే ప్రత్యయం పేరుకు దూరంగా నిలుస్తుంది. తెలుగులో ‘ను’ పేరుకు అతుక్కొని, కొన్ని సందర్భాలలో పేరునే మార్చివేస్తుంది. ‘పుస్తకం’ అన్న మాట ‘పుస్తకాన్ని’ అవుతుంది. తెలియని పేరుకు ప్రత్యయాన్ని చేర్చడం యంత్రానికి సాధ్యం కాదు. ‘ఫలానా అనే దస్త్రాన్ని’ అని వాక్యాన్ని మలచితే చిక్కు తొలగిపోతుంది. ఆంగ్లంలో ‘సేవ్’ అన్నదానికి హిందీవారు ‘సహేజ్‌నా’ అనే పాత ఇంటి మాటను తీసికొన్నారు. తెలుగులో ‘భద్రపరచు’ స్థిరపడింది.

మూలక్రమం మూసి ఉన్న వ్యవస్థలో ఇటువంటి మాట నచ్చకపోతే మనం చేయగలిగినది విన్నపం మాత్రమే. ఇక్కడ ఒక కళాశాల విద్యార్థికూడా మెరుగైన మాటను సూచించవచ్చు. ఇతరులు దానిని చర్చించి స్వీకరించవచ్చు. ఖతుల విషయంలోను ఇటువంటి కృషి జరిగింది. లోహిత్ అనే పేరుతో పలు భారతీయ లిపులకు స్వేచ్ఛా ఖతులు వెలువడ్డాయి. గిడుగు, గురజాడ, తిమ్మన, ధూర్జటి మొదలైన పేర్లతో తెలుగు ఖతులు స్వేచ్ఛా లైసెన్సుతో లభిస్తున్నాయి. మన సాహిత్యమూర్తుల పేర్లు ఈనాడు అక్షరరూపాలకు చేరాయి.

డిస్కుపై నెలకొల్పాలా?

కొద్దిరోజులు పెన్‌డ్రైవ్‌తో అలవాటు పడిన తరువాత డిస్కుపై నెలకొల్పే విషయం ఆలోచించవచ్చు. పాత వ్యవస్థ ప్రక్కనే కొత్తదాన్ని ఉంచడం ఒక మార్గం. డిస్కును పూర్తిగా తుడిచివేసి కొత్తదాన్ని మాత్రమే ఉంచడం రెండవ మార్గం. రెండవదానిని ఎంచుకొంటే పాత దస్త్రాలు తిరిగి రావు. ల్యాప్‌టాప్‌కు విద్యుత్తు తగిలించి ఉంచి, తెరపై వచ్చే ప్రతి వాక్యాన్ని చదివి, అర్థమైన తరువాతనే ముందుకు సాగాలి.

కొన్ని పరిమితులుకూడా ఉన్నాయి. విండోస్‌కొరకే తయారైన ఉపకరణాలు కొన్ని ఇక్కడ పనిచేయవు. తెలుగు ముద్రణాలయాలలో యూనికోడ్ కాని ఖతులతో దశాబ్దాలుగా కూర్చిన గ్రంథాలు అనేకం ఉన్నాయి. ఆ ఖతి లేనిచోట అవి అర్థంలేని ఆంగ్లాక్షరాలుగా కనిపిస్తాయి. అటువంటి పనిలో ఉన్నవారు పాత వ్యవస్థను ఉంచుకొని, దస్త్రాలను క్రమంగా యూనికోడ్‌లోకి మార్చుకోవడం వివేకం. వ్యాసాలు, లెక్కల పట్టికలు, ప్రదర్శనలకు లిబ్రె ఆఫీస్ అనే ఉపకరణం సరిపోతుంది. ఆదేశాలను టైపుచేసే ‘టెర్మినల్’ను చూచి భయపడనక్కరలేదు. అయితే ‘సుడో’ అనే మాటతో మొదలయ్యే ఆదేశం యంత్రంపై పూర్తి అధికారంతో పనిచేస్తుంది. దాని అర్థం తెలియనిదే, ఎవరు చెప్పినా టైపుచేయరాదు.

మన భాషకు యంత్రంలో చోటు కావాలని కోరడం సహజం. ఆ చోటును ఇతరులు నిర్మించి ఇస్తారని ఎదురుచూడటం ఒక పద్ధతి. తలా ఒక మాట, ఒక అక్షరం, ఒక సవరణ చేర్చి మనమే నిర్మించుకోవడం మరొక పద్ధతి. రెండవ పద్ధతికి కావలసిన పనిముట్లు ఇప్పుడు విద్యార్థి చేతికి అందుతున్నాయి. ఒక పాత ల్యాప్‌టాప్, ఒక పెన్‌డ్రైవ్, కొంత ఓర్పు ఉంటే పని మొదలుపెట్టవచ్చు.

అభ్యాసం

1. పెన్‌డ్రైవ్‌నుండి ఉబుంటును నడిపి, ల్యాప్‌టాప్‌లో పనిచేసిన భాగాలను, పనిచేయని భాగాలను రెండు వరుసలుగా వ్రాయండి.

2. ‘కమల’, ‘నగరం’, ‘భాష’ అనే పదాలను ఇన్‌స్క్రిప్టు పద్ధతిలో తెలుగులోను, మీకు నచ్చిన మరొక భారతీయ లిపిలోను టైపుచేసి, నొక్కిన మీటలను పోల్చండి.

3. తెరపై తెలుగులోకి రాని 5 ఆంగ్లవాక్యాలను గుర్తించి, వాడుకలోని మాటలతో అనువదించండి. మీ మిత్రులు చదివి, వెంటనే అర్థం చేసికొన్నారో లేదో పరీక్షించండి.

4. ‘ముక్త్’, ‘ముఫ్త్’ అనే రెండు మాటలకు గల భేదాన్ని గ్రంథాలయంలోని పుస్తకానికి అన్వయించి, పది పంక్తులు మించకుండా వ్రాయండి.